పొదుగూ టేపూ

2025 మే 6, తాడేపల్లిగూడెం

మార్కెట్ వెనక వీధిలో మేక బేరం. మారుబేరగాడు వెన్ను మీద చెయ్యేసి, నడుం దగ్గర నొక్కి చూసి ఇరవై కిలోలన్నాడు. అమ్మే ఆవిడ ఏమీ అనలేకపోయింది. మేక ఆవిడది, బరువు మాత్రం కొనేవాడి నోటి మాట. బేరం కుదరలేదు.

మే 7

మేతకు వదలకముందే ఆవిడ దొడ్డిలో దర్జీ టేపుతో కొలిచాం. ముందుకాళ్ళ వెనకగా ఛాతీ చుట్టూ 27 అంగుళాలు. భుజం మొన నుంచి తోక పక్క ఎముక దాకా 24. చుట్టుకొలతను దానితోనే హెచ్చవేసి, పొడవుతో మళ్ళీ హెచ్చవేసి, 300తో భాగిస్తే పౌన్లు వస్తాయి: 58. అంటే 26 కిలోల పైమాటే. కిలో, రెండు కిలోలు తేడా రావచ్చు, ఆరు కిలోలు రాదు. మేకలున్న ప్రతి ఇంటి చూరులో ఒక టేపు ఉండాలని నా కోరిక.

మే 19

భీమడోలు దాటి కొల్లేటి వైపు. చేపల చెరువు గట్ల మీద నల్లమేకలు. కాపు కాస్తున్న పెద్దావిడని అడిగాను, పాలకి ఏ మేక మంచిదక్కా అని. "పొట్ట చూసి మోసపోకు తమ్ముడూ, పొదుగు చూడు. పితికాక మళ్ళీ చూడు" అంది.

రెండోసారి చూడమనడంలోనే ఉంది విషయమంతా. పితికాక ముడతలు పడి వేలాడితే పాల పొదుగు. అలాగే గట్టిగా నిలబడితే కండ పొదుగు. ఎత్తు, పొడవు, ఛాతీ బరువును చెబుతాయి. పాలకు దగ్గరి కొలత పొదుగు చుట్టుకొలతే. అదీ పితకక ముందు, పితికాక, రెండుసార్లు తీస్తేనే. ఈతల లెక్క కూడా రాసుకోవాలి. మొదటి ఈత చూసి తీర్పు చెప్పకూడదు, మూడు నాలుగు ఈతల దాకా పాలు పెరుగుతాయి.

జూన్ 2

1921 ఏప్రిల్‌లో ఏలూరు వచ్చిన గాంధీజీ అప్పటికే మేకపాల మీద ఉన్నారు. పాలు మానేసిన మనిషి, పెద్ద జబ్బు చేశాక కస్తూర్బా మాట మీద మొదలుపెట్టారు. మేకపాలలో కొవ్వు బిందువులు చిన్నవి, మీగడ తొందరగా తేలదు. కాచకుండా మాత్రం తాగకూడదు. మాల్టా జ్వరం మేకపాలతోనే వస్తోందని 1905లోనే తేలింది.

జూన్ 23

మళ్ళీ ఆ అక్క దగ్గరికే. "పావు లీటరిస్తే గొప్ప" అంటుంది ఒక మేకని. రాత్రంతా పిల్లల్ని వేరే కట్టేసి, తెల్లారి చేపలు తూచే కాటాకు సంచి తగిలించి ఒక్కొక్కదాన్నీ తూచాం. తాగాక మళ్ళీ తూచాం. ఒకటి 130 గ్రాములు పెరిగింది, ఇంకోటి 150. మిగిలింది పితికితే 70. ఒక పూటకి 350 గ్రాములు! రెండు పూటలూ అంతే అనుకుంటే రోజుకి 700. ఇన్నాళ్ళూ చెంబులో పడినవే పాలు, పిల్లల కడుపులోకి పోయినవి లెక్కలో లేవు. అక్క ఆ మేకని చాలాసేపు నిమిరింది.

జూలై 14

ముసురు. గట్లన్నీ బురద. గిట్టలు మెత్తబడి రెండు మేకలు కుంటుతున్నాయి. నీటి నత్తలున్న చోట మేస్తే కార్జపు జలగలు పడతాయి, దవడ కింద నీరు దిగుతుంది. ఇటావా నుంచి జమునాపారి తెద్దామా అని కుర్రాళ్ళు అడుగుతున్నారు. పొడుగాటి చెవులు, ఒంపు తిరిగిన ముక్కు, పాలు నిజంగానే ఎక్కువ. కానీ అది యమునా చంబల్ లోయల మేక. ఈ తడినేలకి దాన్ని ఈడ్చుకొచ్చేముందు మన నల్లమేకల్లో ఏది ఎంతిస్తుందో తూచి చూసుకోవాలి.

ఆగస్టు 3

2019 పశుగణనలో దేశం మొత్తం మీద మేకలు 14.88 కోట్లు. తలలు లెక్కపెట్టాం, పొదుగులు లెక్కపెట్టలేదు.

పోతుని ఎంచేటప్పుడూ ఇదే లోపం. ఒళ్ళు చూసి ఉంచుతారు. తల్లి ఎంత పాలిచ్చిందో అడగరు. ఆ 700 గ్రాముల మేక పిల్లల్లో ఒకటి పోతు. విత్తులు కొట్టించొద్దన్నాను. "మందకి ఉంచుతాలే తమ్ముడూ" అంది అక్క. సొంత మందకి వద్దు, తల్లినీ చెల్లెల్నీ దాటకూడదు. అవతలి గట్టు వాళ్ళ మందకిచ్చి, బదులుగా వాళ్ళ దగ్గర పాలమేకకి పుట్టిన పోతుని తెచ్చుకోమన్నాను. రేపు వాళ్ళ మేకల్ని కొలవాలి.