మొక్కు తీరింది... ఇక పడవెక్కుదామా!

జంపన్న వాగులో స్నానం, బుజ్జిగాడికి పుట్టు వెంట్రుకలు, వాడి బరువుకు సరితూగే ‘బంగారం’... అదేనండీ, బెల్లం! మేడారంలో మొక్కు తీరాక చాలా కుటుంబాల బండి పస్రా, చల్వాయిల మీదుగా లక్నవరం వైపు మళ్లుతుంది. కాకతీయుల నాటి చెరువు, చుట్టూ అడవి, మధ్యలో దీవులు, వేలాడే వంతెన. అంతలో పడవ కనపడితే గుండుకు గంధం ఆరని పిల్లలు ఊరుకుంటారా?

ఎక్కించొచ్చు. కాకపోతే ముందుగా లైఫ్ జాకెట్ సైజు చూడాలి. పెద్దవాళ్లది రెండేళ్ల పాపకు తొడిగితే, నీళ్లలో పడ్డప్పుడు జాకెట్ పైకి తేలుతుంది, పాప కిందికి జారిపోతుంది. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి వచ్చేస్తే అది పనికిరాదు. కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్నదైతే మరీ మంచిది. సరిపడేది దొరక్కపోతే గట్టు మీంచే చూపించాలి. కాసేపు ఏడుస్తారు, అంతే!

కొందరు తల్లులు భద్రమనుకుని బిడ్డను చున్నీతో నడుముకు కట్టేసుకుంటారు. పడవ తిరగబడితే ఆ ముడి విప్పే వ్యవధి ఉండదు. జాకెట్ వేసి చేత్తో పట్టుకోవడమే నయం, అదీ ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి చొప్పున. ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు లేవకూడదు.

రెండేళ్లకోసారి మాఘంలో జాతర జరిగే రోజుల్లో రద్దీ విపరీతం. పసివాళ్లతో అయితే ఆ నాలుగు రోజులూ పడవ మాట మరచిపోవడమే మేలు. మామూలు రోజుల్లో పొద్దున్నే వెళ్లాలి, టోపీతో సహా. లేదంటే నీటి మీది ఎండకు కొత్త గుండు సాయంత్రానికల్లా కందిపోతుంది.