మద్దిలపాలెంలో పోర్చుగీసు పాఠం

విశాఖపట్నంలో మద్దిలపాలెం అనగానే మన పల్లెలవారికి ముందుగా జ్ఞాపకం వచ్చేది బస్సు డిపో. శ్రీకాకుళం, విజయనగరం వైపునుండి వచ్చే బస్సులు హనుమంతవాక, ఇసుకతోట దాటుకొని వచ్చి అక్కడ ఆగుతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకొనే పిల్లలు సంచులతో, బియ్యం మూటలతో దిగుతారు. ఒకప్పుడు 5వ నంబరు జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడది 16వ నంబరు. ఆ రోడ్డుకు వెనుకనున్న వీధుల్లోకి వెళితే ప్రతి మూడో ఇంటికీ 'టు లెట్' బోర్డే. ఆఫ్రికా దేశాలనుండి చదువుకు వచ్చిన విద్యార్థులు కూడా అక్కడ కనిపిస్తారు. అందులో ఒకబ్బాయి "ముప్పై రూపాయలే ఇస్తాను బాబూ" అని ఆటోవానితో తెలుగులో బేరమాడుతుంటే మేము నిలబడి విన్నాము. ఎవరు నేర్పారో గాని యాస మాత్రం అచ్చంగా ఉత్తరాంధ్రదే!

ఆ వీధుల్లోనే ఒక మేడమీది వాటాలో మా తమ్ముడి కూతురు రెండేళ్ళ పాపతో ఉంటున్నది. అల్లుడికి మొజాంబిక్ దేశంలో, తేతె రాష్ట్రంలోని మొవాతీజ్ దగ్గర ఒక బొగ్గుగనిలో ఉద్యోగం. కాగితాలు రాగానే తల్లీబిడ్డలు కూడా వెళ్ళాలి. మొజాంబిక్ ఏమిటి, ఉక్కునగరానికి దానితో పనేమిటి అని మీరడగవచ్చును. ఉక్కు తయారీకి కోకింగ్ బొగ్గు కావాలి. మన దేశంలో అది చాలినంత దొరకదు గనుక ఓడల మీద తెప్పించుకుంటారు. అందుకే విశాఖ ఉక్కు సంస్థకు కూడా వాటా ఉన్న ఐ.సి.వి.ఎల్. అనే ప్రభుత్వరంగ కంపెనీ 2014లో మొవాతీజ్ ప్రాంతంలోని బెంగా గనిని 5 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ దేశం 1975 జూన్ 25 వరకు పోర్చుగీసువారి పాలనలో ఉన్నది. నేటికీ అధికార భాష పోర్చుగీసే. ఆసుపత్రిలోనైనా, బడిలోనైనా, పోలీసు ఠాణాలోనైనా ఆ భాషే కావాలి. పాపకు రాత్రివేళ జ్వరమొస్తే డాక్టరుతో ఏమని చెప్పాలి? అల్లుడు గనిలో షిఫ్టులో ఉంటాడు కదా! మా అమ్మాయి దిగులంతా ఇదే.

పోర్చుగీసు మాస్టరును వెదికేందుకు వీలులేక, పాప నిద్రపోయాక రోజుకొక గంట ఫోనులో బ్రెజిల్ దేశపు సీరియళ్ళు చూడడం మొదలుపెట్టింది. వాటిని అక్కడ 'నొవేల' అంటారు. మేమున్న నాలుగు రాత్రులూ మేమూ ఆమె ప్రక్కన కూర్చున్నాము.

సీరియల్ చూసి భాష నేర్వడం మనకు క్రొత్తేమీ కాదు. 1984 జులై 7న దూరదర్శన్‌లో మొదలైన 'హమ్ లోగ్' 156 భాగాలు సాగింది. అది మెక్సికో దేశపు సీరియళ్ళ పద్ధతి చూసి మనవారు రూపొందించినదే. 1987 జనవరినుండి ఆదివారం ఉదయాలు 'రామాయణ్' వచ్చింది. ఆ ఆదివారాల్లో ఆరాధనకు జనం ఎందుకు ఆలస్యంగా వచ్చేవారో పెద్దవారికి జ్ఞాపకముండే ఉంటుంది. హిందీ అక్షరం రాని ఇళ్ళలోకి కూడా హిందీ మాటలు అలాగే వచ్చాయి.

పోర్చుగీసువారి సంగతి మరీ వింత. 1977లో పోర్చుగల్ టెలివిజన్‌లో 'గబ్రియేల' అనే బ్రెజిల్ నొవేల వచ్చింది. ఆ దేశంలో ప్రసారమైన మొదటి బ్రెజిల్ నొవేల అదే. భాష పుట్టిన దేశమే తన పూర్వపు వలస దేశపు పలుకుబడిని ఇంట్లో కూర్చొని విన్నది. అంగోలా రాజధాని లువాండాలోనైతే ఒక పెద్ద సంతకు 'రోకె సాంతెయిరు' అని ఒక నొవేల పేరే పెట్టుకున్నారు.

మా అమ్మాయి మొదట ఎంచుకున్నది 2015లో బ్రెజిల్‌లో వచ్చిన 'పది ఆజ్ఞలు' అనే సీరియల్. మోషే కథ మనకు చిన్ననాటినుండి తెలిసినదే గనుక మాట తెలియకపోయినా సంగతి తెలుస్తుంది. సముద్రం దగ్గర నిలబడి 'మార్' అంటే అది సముద్రమేనని ఎవరూ చెప్పనక్కరలేదు. జనాంగం 'పోవు', నీళ్ళు 'అగువ', రొట్టె 'పావ్'. ఈ చివరి మాట విని మేము నవ్వుకున్నాము, పావు రొట్టెలోని పావు అదే గదా! బైబిలులో లేని ప్రేమలూ పగలూ ఆ సీరియల్‌లో చాలా కల్పించారు, అది మాకు నచ్చలేదు. భాషకోసం మాత్రం బాగా పనికివచ్చింది. సందేహం వచ్చినచోట అల్మేయిద అనువదించిన పోర్చుగీసు బైబిలును మన తెలుగు బైబిలు ప్రక్కన పెట్టుకొని చూస్తుంది. ఆయన క్రొత్త నిబంధన 1681లోనే ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది.

ఆ భాష మనకు బొత్తిగా పరాయిది కూడా కాదు. బొత్తాం, తువ్వాలు, అల్మారా, మేస్త్రి, అనాస, పాదిరి ఇవన్నీ ఆ ఓడలవారు మన రేవుల్లో దించిపోయిన మాటలే. 1706లో తరంగంబాడికి వచ్చిన ప్రొటెస్టెంటు మిషనరీలు జీగెన్‌బాల్గ్, ప్లూట్‌షౌ తమిళంతోపాటు పోర్చుగీసు కూడా నేర్వవలసి వచ్చింది, తీరప్రాంతపు వ్యవహారం అందులో నడిచేది గనుక. తరువాత అదే మిషనుకు వచ్చిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి లేఖనాలను తెలుగులోకి మార్చారు.

తరువాత చూసిన పల్లెటూరి నొవేలలో మా మనసుకు హత్తుకున్నది ఒకటున్నది. కొడుకు ఇంట్లోకి రాగానే తల్లిని "బెంస, మాయి" అంటాడు. దీవించమ్మా అని అర్థం. ఆమె చేస్తున్న పని ఆపకుండానే "దేవుడు నిన్ను దీవించును గాక" అంటుంది. రేపటి మాట ఎత్తితే చాలు, "సె దెయుస్ కిసేర్" అంటారు. మనం "ప్రభువు చిత్తమైతే" అన్నట్టే. పెద్దవారిని "సెన్యోర్" అని పిలుస్తారు, ప్రార్థనలో ప్రభువును పిలిచేదీ ఆ మాటతోనే. అయితే అల్మేయిద బైబిలులో దేవుణ్ణి, మనలాగే, 'నీవు' అంటారు. అత్తగారిని మాత్రం అలా అనడానికి వీల్లేదు! ఇలాంటివి వ్యాకరణ పుస్తకం ఒక వరుసలో చెప్పి ఊరుకుంటుంది. సీరియల్‌లోనైతే ఎవరు ఎవరిని ఏమని పిలిచారో, తప్పుగా పిలిస్తే ముఖం ఎలా మాడిందో కళ్ళారా చూస్తాము.

ఇక చిక్కు ఏమిటంటే, బ్రెజిల్ మొజాంబిక్ కాదు. మూడో రాత్రి అల్లుడు ఫోను చేశాడు. మనకు తొమ్మిదైతే అక్కడ సాయంత్రం అయిదున్నర. అమ్మాయి ఉత్సాహంగా "బోం జియ" అన్నది. ఆయన నవ్వి, "అది బ్రెజిల్ పలుకు, ఇక్కడ 'బోం దియ' అనాలి. అదీ ఉదయం పూట!" అన్నాడు. బస్సును బ్రెజిల్‌లో 'ఓనిబుస్' అంటే మొజాంబిక్‌లో 'మషింబొంబు' అంటారట. డిపో ప్రక్కన ఉంటున్నందుకు ముందు ఆ మాటే వచ్చేసింది మా అమ్మాయికి. నొవేలల్లోని మేడలు, విందులు అక్కడ ఎదురుచూడవద్దనీ, జనం తినేది 'షీమ' అనీ చెప్పాడు. అది మొక్కజొన్న పిండితో చేసిన సంకటి. అది విని మా అమ్మాయి ముఖం తేటపడింది. సంకటి తినే ఊరిలో బ్రతకలేనా అన్నది.

మాకు తోచిన సంగతి ఒకటి ఆమెతో చెప్పాము. సీరియల్ చెవిని తెరుస్తుంది గాని నోటిని తెరవదు. అది మనకు బదులు చెప్పదు, మన తప్పు దిద్దదు. మరునాటినుండి ఆమె ఒక నోటుపుస్తకం పెట్టింది. జ్వరం, విరేచనాలు, ఎన్ని రోజులనుండి, ఎన్నిసార్లు — డాక్టరు అడగబోయే ప్రశ్నలన్నీ వ్రాసి, రోజూ ఫోనులో అల్లుడు డాక్టరుగా అడుగుతుంటే జవాబు చెబుతున్నది. పాప ప్రక్కన చేరి "ఒబ్రిగాద" అంటున్నది. కృతజ్ఞత చెప్పేటప్పుడు ఆడవారు అనే మాట అది, మగవారైతే "ఒబ్రిగాదు" అంటారు. ఊరిలోని మామ్మకు ఫోనులో అదే అప్పగించింది. "నాతోనైతే తెలుగే మాట్లాడాలి సుమా" అని ఆమె అప్పుడే షరతు పెట్టింది.

తేతె ప్రాంతపు సంతల్లో ఆడవారు తమలో తాము మాట్లాడుకునేది న్యుంగ్వే భాషనట. ఆ భాషకోసం ఎదురింటి ఇల్లాలిని ఇప్పటినుండే మాటల్లో పెట్టమని అల్లుడికి చెప్పింది అమ్మాయి.