జానెడు తీగ

అమెరికాలో ఇంటి దగ్గరే విమానాలు కట్టుకునేవాళ్ళు వేలమంది ఉన్నారంటే మనవాళ్ళు తొందరగా నమ్మరు. 1953లోనే మిల్వాకీ నగరంలో ఇందుకోసం ఒక సంఘం వెలిసింది. సగానికి మించిన పని ఔత్సాహికులు సరదాకో, నేర్చుకోవడానికో తామే చేసుకుంటే చాలు, అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. అక్కడే కాపురముంటున్న నేనూ కారు షెడ్డులో రెండు సీట్ల విమానం ఒకటి కడుతున్నాను. చూడవచ్చినవాళ్ళంతా ఇంజను గురించి అడుగుతారు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం జానెడు తీగ.

విమానం తోక వెనుక అంచున మడతబందుల మీద ఆడే రెక్క ఒకటి ఉంటుంది. దాని పేరు ఎలివేటర్. మేడలెక్కించే లిఫ్టు కాదు సుమండీ! అది పైకి లేస్తే విమానం ముక్కు లేస్తుంది, కిందికి వాలితే ముక్కు వాలుతుంది. దాని అంచునే ట్రిమ్ ట్యాబ్ అనే బుల్లిరెక్క. పైలటు చేతిమీది బరువు తగ్గించడం దాని పని. దాన్ని కదిపే మోటారు ఎలివేటర్ కడుపులో ఉంటుంది. ఆ మోటారుకు ఐదు సన్నని తీగలు. రెండు నడపడానికి, మూడు ట్యాబ్ ఎక్కడున్నదో చెప్పడానికి. ఈ ఐదూ కదలని తోకలోనుంచి కదిలే ఎలివేటర్‌లోకి దాటాలి.

ఇస్త్రీపెట్టె తీగ ఎక్కడ తెగుతుందో ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది: పెట్టె మెడ దగ్గర. ఒక్కచోటే పదేపదే వంగితే రాగి అలసిపోతుంది. అందుకే విమానంలో ఒంటిపోగు తీగ వాడరు, సన్నని పోగులెన్నో పేనిన తీగ వాడతారు. ఆ తీగల్ని మడతబందు ఇరుసు వెంబడి కొంతదూరం నడిపించి దాటిస్తే ఒక్కచోట వంగవు, పొడుగునా కాస్త కాస్త మెలితిరుగుతాయి. అటూ ఇటూ గట్టిగా కట్టాలి, నడుమ స్వేచ్ఛగా వదలాలి. రేకు రంధ్రానికి రబ్బరు కట్టు తొడగాలి. టంకం పోసినచోట తీగ బిరుసెక్కుతుంది కనుక అతుకులు కదిలే చోటికి దూరంగా ఉండాలి.

"ఏమండీ, తీగ తెగితే విమానం పడిపోతుందా?" అని అడిగింది మా ఆవిడ.

పడిపోదు. ట్యాబ్ పనిచేయదు, చేతికి బరువు తెలుస్తుంది, అంతే. భయమల్లా వదులెక్కువై వేలాడే తీగతోనే. అది మడతబందులో ఇరుక్కుంటే ఎలివేటరే బిగుసుకుపోవచ్చు. పైపొర అరిగి కరెంటున్న మరో తీగను తాకితే మోటారు తనంతట తాను తిరగవచ్చు. 1962 మార్చి 1న న్యూయార్కులో ఒక బోయింగ్ 707 పైకి లేచిన కాసేపటికే కూలి 95 మంది మరణించారు. తోకలోని చుక్కానిని తిప్పే యంత్రం తీగలు తయారీలోనే దెబ్బతిని, షార్టు కావడం అందుకు కారణమై ఉంటుందని విచారణ తేల్చింది.

అందుకని తోకకు రేకు మూత బిగించేముందు మా ఆవిడను సీట్లో కూర్చోబెట్టాను. తను కర్రను చివరిదాకా లాగుతుంది, చివరిదాకా నెడుతుంది. నేను తోక దగ్గర టార్చిలైటుతో వంగి, తీగ ఎక్కడైనా బిగుస్తున్నదా, దేనికైనా తగులుతున్నదా అని చూస్తాను.

"ఎన్నిసార్లండీ?" అంది విసుగ్గా.

"పక్క సీటు నీదే కదా, నువ్వే చెప్పు" అన్నాను.

ఆ తరువాత తను లెక్కపెట్టడం మానేసింది. చేతులు నొప్పిపుట్టేదాకా లాగుతూనే ఉంది.