తాళం తప్పిన చరణం

మొన్నటి శ్రీరామనవమికి మా ఊరి రామాలయం పందిట్లో నా పూర్వ విద్యార్థిని ఒకామె కచేరీ చేసింది. పదో తరగతిలో నా దగ్గర గణవిభజన నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు తానే పదిమందికి సంగీతం చెబుతోంది. వర్ణంతో మొదలుపెట్టి, త్యాగరాజస్వామి కృతులు రెండు నిదానంగా పాడి, తని ఆవర్తనం ముగిశాక రామదాసు కీర్తన ఎత్తుకుంది. కచేరీలకు వెళ్ళే అలవాటున్నవారు గమనించే ఉంటారు, ఆ వేళకు సభలో కుర్చీలు ఖాళీ కావడం మొదలవుతుంది. మా పందిట్లో జనమంతా పానకం, వడపప్పు పంచేచోటికి కదిలారు. రామదాసుకు మన కచేరీ పద్ధతి ఎక్కువగా కేటాయించిన స్థానం అదే. తుక్కడాల మధ్య, మంగళానికి ముందు.

ఆమె పాడింది "ఇక్ష్వాకు కులతిలక". సాధారణంగా కాంభోజిలో పాడతారు. ఎదుట ఉన్న కొద్దిమందిలో నేనొకణ్ణి.

అందరూ దానిని భక్తిగీతం అంటారు. కరణంగారి కొడుకును గనుక నాకు మాత్రం అది ముందు పద్దుల చిట్టాలా కనిపిస్తుంది. కంచెర్ల గోపన్న తానీషా కొలువులో పాల్వంచ పరగణాకు తహసీలుదారు. ఆ తానీషా గోల్కొండను ఏలినది 1672 నుంచి 1687 వరకు. సర్కారుకు చేరవలసిన పైకంతో గోపన్న భద్రాద్రిలో గుడి కట్టించాడని చెరలో వేశారు. పన్నెండేళ్ళు ఉన్నాడని జనశ్రుతి. ఆ చెరలోని మనిషి ఏం పాడాలి? లెక్క చెప్పాడు! ప్రాకారానికి ఇంత, భరతుడి పచ్చల పతకానికి ఇంత, సీతమ్మవారి చింతాకు పతకానికి ఇంత, అంటూ వరహాలతో సహా. చివరికి ఈ సొగసులన్నీ ఎవరి డబ్బుతోనని స్వామినే నిలదీశాడు. ఆయన తండ్రినీ, మామగారినీ కూడా వదలలేదు. అంత నిష్ఠూరమాడిన తరువాత ఒక చరణంలో స్వరం మారిపోతుంది. తిట్టానని మనసులో పెట్టుకోవద్దు, దెబ్బలు ఓర్చుకోలేక అన్నాను అని వేడుకుంటాడు.

ఒకసారి పిల్లలను విహారయాత్రకు గోల్కొండ తీసుకువెళ్ళి ఆ చెరసాల చూపించాను. గోడమీద చెక్కిన దేవతామూర్తులు గోపన్న చేతివేనంటారు. పైనుంచి కాస్త వెలుతురు పడుతుంది. అంతే. అక్కడ పాడినవాడికి పక్కవాద్యం లేదు, సభ లేదు. ఒకే ఒక్కడు వినాలని పాడాడు, ఆ ఒక్కడూ విన్న జాడ లేదు. అటువంటి పాటను వేదిక ఎక్కి, మైకు సరిచూసుకుని, శ్రుతి కలుపుకుని పాడటం న్యాయమేనా అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వేధిస్తున్నది. కారణం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మా నాన్నగారు గోదావరి జిల్లాలో కరణం. నాకు పదమూడేళ్ళప్పుడు, అంటే 1973లో, జమాబందీలో శిస్తు లెక్కలు తేలలేదు. రశీదులకూ ఖజానాకు జమ అయిన సొమ్ముకూ పొత్తు కుదరలేదు. నాన్నగారిని సస్పెండు చేశారు. విచారణ రెండేళ్ళు సాగింది. అమ్మ చేతి గాజులు ముందు వెళ్ళాయి, తరువాత మెరక పొలం అరఎకరం. డబ్బు కట్టాక తిరిగి ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఆ సొమ్ము ఏమైందో నాన్నగారు చెప్పలేదు, మేము అడగలేదు. ఎవరినో కాపాడారో, చేతులారా వాడుకున్నారో, కూడికలో పొరపాటో, నేటికీ నాకు తెలియదు.

ఆ రెండేళ్ళూ రాత్రిపూట, లాంతరు తగ్గించాక, అరుగుమీద కూర్చుని ఈ కీర్తన పాడుకునేవారు. గొప్ప గొంతు కాదు. నేను నిద్ర నటిస్తూ వినేవాణ్ణి. వరహాల చరణాలన్నీ పాడేవారు. నిలదీసే చరణం మరీ గట్టిగా పాడేవారు. అక్కడితో ఆపేవారు. ఆ తరువాత ఒక చరణం ఉందన్న సంగతే నాకు చాలాకాలం తెలియదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు పాడగా రేడియోలో విన్నప్పుడు తెలిసింది. ఆంధ్రదేశంలో రామదాసును ఇంటింటికీ చేర్చిన గొంతు అది. ఆయన 2016లో వెళ్ళిపోయారు, నాన్నగారు అంతకు చాలా ముందే.

1984లో ప్రభుత్వం కరణీకాలు రద్దు చేసింది. నాన్నగారు దస్త్రాలు అప్పగించి ఇంట్లో కూర్చున్నారు. అప్పటికి నేను తెలుగు పండితుడిగా ఉద్యోగంలో కుదిరాను, కాస్త పాడతానన్న పేరూ వచ్చింది. 1989 నవమికి పందిట్లో ఒక గంట నన్ను పాడమన్నారు. హార్మోనియం, మృదంగం కుదిరాయి. ఏమి బుద్ధి పుట్టిందో ఈ కీర్తన ఎంచుకున్నాను. నాన్నగారు మొదటి వరుసలో కూర్చుని మోకాలిమీద తాళం వేస్తున్నారు.

నిలదీసే చరణం అయింది. ఆయన ఆపేచోటు అదేనని నాకు అప్పుడు స్ఫురించింది. నేను ముందుకు వెళ్ళాను. దెబ్బలన్న మాట నోట రాగానే ఆయన చేయి మోకాలిమీద ఆగిపోయింది. నేను చూశాను, చూడకుండా ఉండవలసింది. గొంతు పట్టేసింది. హార్మోనియం ఆయన ఒకటికి రెండు ఆవర్తాలు వాయించి నెట్టుకొచ్చాడు. నేను ఎక్కడో అందుకుని ముగించాను. జనం చప్పట్లు కొట్టారు. పంతులుగారు భక్తితో గద్గదమయ్యారని ఎవరో మైకులో అన్నారు కూడా.

ఇంటికి నడిచివస్తూ నాన్నగారు ఏమీ మాట్లాడలేదు. గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ, "ఆఖరి చరణంలో తాళం తప్పావురా" అన్నారు. అంతే. ఆ తరువాత ఆయన ఆ కీర్తన పాడగా నేను వినలేదు. నేనూ వేదికమీద పాడలేదు.

అందుకే మొన్న ఆ అమ్మాయి ఆ చరణానికి వచ్చేసరికి నా చేతులు చల్లబడ్డాయి. ఆమె నిలకడగా పాడింది. ఎక్కడా వణుకు లేదు. మొదట నాకు కోపమే వచ్చింది, ఇంత తేలికగా పాడేస్తుందేమిటని. తరువాత గమనించాను. ఆ చరణమంతా ఆమె దృష్టి మృదంగం ఆయన చేతిమీదే ఉంది, ఒక్కసారి కూడా జనంకేసి చూడలేదు.

కచేరీ అయ్యాక వచ్చి కాళ్ళకు నమస్కరించింది. చేతిమీదే చూపు నిలిపావేమమ్మా అని అడిగాను.

"అక్కడ జనాన్ని చూస్తే పాడలేను మాస్టారూ. లెక్క పట్టుకుంటే దాటిపోతాను" అంది. ఎందుకని నేను అడగలేదు. మా ఇంట్లో అడగకపోవడమే అలవాటు.

"ఎలా ఉంది మాస్టారూ?" అని మళ్ళీ అడిగింది.

"తాళం తప్పలేదమ్మా" అన్నాను.

ఆమె కాస్త చిన్నబుచ్చుకున్నట్టే కనిపించింది. ఇంతలో ఎవరో పానకం గ్లాసులు తెచ్చి మా ఇద్దరి చేతుల్లో పెట్టారు.