మణుగు పోయింది, ఎకరం ఉంది

పిల్లలూ, మాఘ ఫాల్గుణ మాసాల్లో గుంటూరు మిరప యార్డుకు వెళ్ళేటట్టయితే ముక్కుకు రుమాలు కట్టుకుని మరీ వెళ్ళండి. ఎర్రని కాయలు కుక్కిన బస్తాలు అక్కడ గుట్టలుగా పడి ఉంటాయి. వాటిని టిక్కీలంటారు. తుమ్ములు ఆగాక కాటా దగ్గర కాసేపు నిలబడండి. ధర చెప్పేది క్వింటాలుకు, అంటే 100 కిలోలకు. టిక్కీకి ఒక్క కిలో తేడా వస్తే, 100 టిక్కీలు తెచ్చిన రైతుకు క్వింటాలు కాయల సొమ్ము పోయినట్టే!

పూర్వం బండి కట్టుకుని వచ్చిన రైతు లెక్క వేరు. 3 తులాలు ఒక పలం, 40 పలాలు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు, 20 మణుగులు ఒక బారువ. వీశె రూపాయి నాలుగణాల చొప్పున 3 మణుగుల 5 వీశెల కాయలకు ఎంత వస్తుంది? రూపాయికి 16 అణాలు. చేసి చూడండి, 36 రూపాయల 4 అణాలు రావాలి. ఈ చిక్కు చాలదన్నట్టు, మన మణుగు సుమారు 11 కిలోలైతే బెంగాలు మణుగు 37 కిలోల పైమాటే. పేరొకటే, బరువు మూడింతలు! గింజలు కొలిచే మానికల్లోనూ అంతే: అంచువరకే కొలిచారా, పైన గోపురం పోశారా అన్నదాన్ని బట్టి లెక్క మారిపోయేది.

అందుకే 1956లో దేశమంతటికీ ఒకే తూనికలు, కొలతలు ఉండాలని చట్టం చేశారు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయాపైసలు వచ్చాయి. 1958 అక్టోబరులో కిలోరాళ్ళు బజారులోకి రావడం మొదలైంది.

ఇక గుంటూరు నుంచి చిలకలూరిపేట మీదుగా ఒంగోలు వైపు సాగండి. దారి పక్క రాళ్ళమీద కిలోమీటర్లే. నల్లరేగడిలో తెల్లగా విచ్చిన పత్తి చూసి, పంట ఎలా ఉందని ఏ రైతునైనా అడగండి. "ఎకరానికి ఇన్ని క్వింటాళ్ళు" అంటాడు. ఎకరం ఇంగ్లీషువాళ్ళనాటిది, క్వింటాలు కొత్తది. రెండూ ఒక్క మాటలో ఇమిడిపోయాయి! తూకపురాయి మార్చడం ఒక పూట పని. పొలం అలా కాదు. పట్టా, కౌలు, అన్నదమ్ముల పంపకం అన్నీ ఎకరాలు, సెంట్లలోనే సాగుతున్నాయి. హెక్టారంటే సుమారు 2.47 ఎకరాలు, ఆ మాట కాగితాల్లోనే కాని గట్టుమీద వినబడదు. దానికి రైతును తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు.

పత్తిలో మరో తమాషా ఉంది. గింజతో ఉన్న పత్తిని క్వింటాళ్ళలో అమ్ముతారు. జిన్నింగు మిల్లులో గింజ తీసేశాక దూది ధర మాత్రం కండీల్లో చెబుతారు. కండీ అంటే 784 పౌన్లు, దగ్గర దగ్గర 356 కిలోలు!

మీ ఇంట్లోనూ పాతకొలతలు దాగి ఉన్నాయి. టేపు తీసుకుని మీ మూర, అమ్మ మూర, తాతయ్య మూర సెంటీమీటర్లలో కొలిచి రాసుకోండి. తరువాత పూలు కొనేటప్పుడు, పూలమ్మే ఆమె మూర కూడా అడిగి కొలవండి.