పల్లూరు కొండల దగ్గర ఒక మధ్యాహ్నం

బరంపురం అనగానే మనవాళ్ళకు పట్టుచీరలు, గోపాలపురం సముద్రం, వి.వి. గిరిగారు పుట్టిన ఊరు గుర్తొస్తాయి. 1936 ఏప్రిల్ 1కి ముందు గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోనే ఉండేదని పెద్దలు చెబుతారు. ఇచ్ఛాపురం దాటగానే బోర్డుల మీద లిపి మారుతుంది గాని, బజార్లో తెలుగు మాత్రం ఆగదు.

ఈసారి నేను ఊళ్ళోకి వెళ్ళకుండా గోళంతరా దగ్గరే దిగిపోయాను. పల్లూరు కొండల పక్కన ఉన్న 'నిస్ట్' 1996లో ఇంజనీరింగు కళాశాలగా మొదలై ఇప్పుడు విశ్వవిద్యాలయమైంది. మా మేనకోడలు అక్కడ ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. విద్యారుణాల కాగితాల మీద 'ప్రాజెక్టు ఖర్చు' అన్న పద్దు చూసి ఎన్నిసార్లు సంతకం పెట్టానో! ఆ ఖర్చు దేనికవుతుందో మాత్రం ఏనాడూ చూసిన పాపాన పోలేదు.

ప్రాజెక్టు లాబ్‌లో అడుగు పెడితే ముందు తగిలేది సోల్డరింగు పొగ వాసన. ఎంబెడెడ్ సిస్టమ్ అంటే, ఒక్క పని కోసమే యంత్రంలో ఇమిడి ఉండే చిన్న కంప్యూటరట. బట్టలుతికే మిషన్లోనూ, మా ఏటీఎంలో నోట్లు లెక్కపెట్టే భాగంలోనూ ఉండేది అదే. 1980లో ఇంటెల్ వాళ్ళు తెచ్చిన 8051తో మొదలుపెట్టి, 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డుయినో బోర్డు దాకా పిల్లలు చేతులు కాల్చుకుంటూ నేర్చుకుంటారు.

మా అమ్మాయిది మొక్కలకు నీళ్ళు పెట్టే యంత్రం. మట్టి ఎండితే పంపు తిరగాలి. తిరగబోతుంది, వెంటనే బోర్డు ఆరిపోతుంది, మళ్ళీ వెలుగుతుంది, మళ్ళీ అదే తంతు. రెండు సాయంత్రాలు ప్రోగ్రామంతా తిరగరాసిందట. తెల్లారితే పరీక్షకులకు చూపించాలి. "రెడీమేడ్‌గా చేసిచ్చేవాళ్ళు ఉన్నారు, కొనేసుకో అంటోంది మా ఫ్రెండు" అంది, నా మొహం చూడకుండా. నేను జవాబు చెప్పలేదు. మంజూరు చేసిన చేతికి ఆ మాట కొంచెం గుచ్చుకుంది.

అక్కడి ల్యాబ్ అసిస్టెంటు, ఒడియా ఆయన, సగం తెలుగులో, "ప్రోగ్రాము వదిలెయ్యి, కరెంటు చూడు" అన్నాడు. ఆసిలోస్కోప్ తగిలించారు. మోటారు మొదలయ్యే క్షణంలో 5 వోల్టుల గీత గుంటలో పడ్డట్టు దిగిపోయింది. మోటారు తిరగడం మొదలెట్టేటప్పుడు మామూలు కన్నా చాలా ఎక్కువ కరెంటు లాగుతుందట. రెండింటికీ సరఫరా ఒకటే కాబట్టి బోర్డుకి చాలదు.

"జాయింటు ఖాతా అన్నమాట! ఒకడు డ్రా చేస్తే రెండోవాడి చెక్కు తిరిగొస్తుంది" అన్నాను. పిల్లలు నవ్వారు గాని, ఉపాయమూ అదే. మోటారుకు వేరే సరఫరా ఇచ్చి, గ్రౌండు తీగ మాత్రం కలిపి ఉంచారు. మోటారు ఆగినప్పుడు ఎదురుతన్నే వోల్టేజిని మింగడానికి ఒక డయోడు వేశారు. ఆరు దాటాక పంపు ఆగకుండా తిరిగింది.

"మావయ్యా, మీకు బస్సు తప్పిపోతుంది. నేను ఇంకోసారి ఎండుమట్టి పెట్టి చూస్తాను" అంది.

రాత్రి పదింటికి ఫోను. పంపు బాగానే ఉందట. మట్టిలో గుచ్చిన పుల్లలు కరెంటుకి తుప్పు పట్టి తడి తప్పు చూపిస్తున్నాయట. కొలిచేటప్పుడు మాత్రమే వాటికి కరెంటు ఇచ్చేలా మారుస్తోందట.

"కొనేసుకోవే" అన్న స్నేహితురాలు పక్కన కూచుని తీగలు పట్టుకుంటోందట.