హైవే 65 చివరి ఊరు

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి కూకట్‌పల్లి ట్రాఫిక్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. రోజూ తిట్టుకుంటూ వెళ్లే ఆ రోడ్డు జాతీయ రహదారి 65. పుణెలో మొదలై మన మియాపూర్, దిల్‌సుఖ్‌నగర్, విజయవాడ మీదుగా వెళ్లి ఎక్కడ ఆగుతుందో తెలుసా? బందరులో. ఆ తర్వాత ఇక సముద్రమే.

మ్యాప్‌లో మచిలీపట్నం అని ఉంటుంది కానీ విజయవాడ బస్టాండ్‌లో కండక్టర్ అరిచేది "బందరు, బందరు" అనే. పర్షియన్‌లో బందర్ అంటే రేవు. నాలుగొందల ఏళ్ల కిందట గోల్కొండ సుల్తానులకి సముద్రం వైపు గుమ్మం ఇదే. డచ్చివాళ్లు 1605లో వచ్చారు, ఇంగ్లీషువాళ్లు 1611లో. మద్రాసు కోట అప్పటికి లేనే లేదు. ఇంకా వెనక్కి వెళ్తే, దాదాపు 2000 ఏళ్ల కిందటి పెరిప్లస్ అనే గ్రీకు పుస్తకంలో కూడా మసాలియా పేరుతో ఈ తీరం కనిపిస్తుంది. అప్పుడు కూడా దీని గురించి రాసింది ఒక్కటే, ఇక్కడ నేసే నూలు బట్టలు.

నేను వెళ్లింది కూడా ఒక బట్ట వల్లే. ఆన్‌లైన్‌లో ఐదొందలకి కలంకారీ చొక్కా కొన్నాను. అది వేసుకునే పెడన వెళ్లాను. బందరు కలంకారీ అంటాం గానీ ఇప్పుడు పని ఎక్కువగా నడిచేది ఆ పక్కనున్న పెడనలోనే. ఒక షెడ్డులో అద్దకం వేస్తున్న పెద్దాయన నా చొక్కా అంచు పట్టుకుని చూసి, "ఇది స్క్రీన్ ప్రింట్ బాబూ" అన్నారు. ఎలా తెలిసిందండీ అంటే, తన బల్ల మీది బట్ట చూపించారు. ఒక అచ్చు ఆగి ఇంకో అచ్చు మొదలైన చోట పువ్వు కాడ వెంట్రుకవాసి పక్కకి జరిగింది. "చేత్తో వేస్తే ఇది తప్పదు. మీ దాంట్లో ఒక్క తప్పూ లేదు." బగ్ లేకపోవడమే బగ్ అన్నమాట!

పని చూస్తే మతిపోతుంది. ముందు గుడ్డని కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లు నలుపుకి. అది కరక్కాయ పట్టిన గుడ్డకి తగలగానే నల్లబడుతుంది. ఎరుపు ఇంకా చిత్రం. టేకు అచ్చుతో వేసేది ఎర్ర రంగు కాదు, పటిక. అప్పటికి పెద్దగా ఏమీ కనపడదు. తర్వాత వేర్లు, చెక్కలు వేసిన రాగి డేగిసాలో ఉడికిస్తే పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. ఒకప్పుడు దానికి ఈ తీరంలో దొరికే చిరివేరు వాడేవారు. యూరప్‌లో ఉతికినా పోని రంగు చూసి ఎగబడింది ఈ కెమిస్ట్రీకే. నాకు ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో కెమిస్ట్రీ ఎందుకు ఎక్కలేదో అర్థమైంది, ఎవరూ డేగిసా చూపించలేదు.

ఇంత చేసిన గుడ్డ, గంటలో మీటర్ల కొద్దీ వచ్చే స్క్రీన్ ప్రింట్‌తో ధరలో పోటీపడాలి. పేరు రెండింటికీ ఒకటే, కలంకారీ.

సాయంత్రం ఊళ్లో డచ్చివాళ్ల సమాధులు చూశాను. రాళ్ల మీద వంశ చిహ్నాలు భలే చెక్కారు. లాభాల కోసం అంత దూరం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. రేవు ఎప్పుడూ తేలికైంది కాదు. తీరం దగ్గర లోతు తక్కువ, పెద్ద ఓడలు మైళ్ల దూరంలో లంగరు వేసేవి. 1864 నవంబర్ 1 రాత్రి తుపాను ఉప్పెన ఊరి మీద పడి సుమారు 30,000 మంది పోయారు. ఆ దెబ్బ నుంచి బందరు మళ్లీ పాత బందరు కాలేదు.

ఇప్పుడు మళ్లీ ఓడరేవు కడుతున్నారు. 2008లో శంకుస్థాపన, 2019లో ఇంకోసారి పనుల ప్రారంభం, 2023లో మరోసారి. "ఈసారి నిజంగానే రాళ్లు పోస్తున్నారు లెండి" అన్నాడు మంగినపూడి బీచ్‌కి తీసుకెళ్లిన ఆటో అన్న. పోర్టు వస్తే ఉద్యోగాలు వస్తాయని ఆయన ఆశ. ఏ ఉద్యోగాలు, ఎవరికి అని అడిగితే నవ్వేశాడు.

తిండి గురించి రాయకపోతే బందరు వాళ్లు ఊరుకోరు. బందరు లడ్డుకి 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. శనగపిండి పూసని నేతిలో వేయించి, రోట్లో దంచి, బెల్లం పాకంతో చుడతారు. అందుకే తొక్కుడు లడ్డు అని కూడా అంటారు. అరకిలో కొన్నాను, విజయవాడ చేరేసరికి పావుకిలో మిగిలింది.

పెడన షెడ్డులోంచి బయల్దేరేటప్పుడు ఒక దుప్పటి కొన్నాను. ఆన్‌లైన్ చొక్కాకి మూడు రెట్ల ధర. బేరం ఆడలేదు, ఆడే మొహం లేదు. ఆయన దాన్ని పాత పేపర్లో చుట్టి ఇస్తూ, "మీది సాఫ్ట్‌వేరే కదా బాబూ" అన్నారు. అవునన్నాను. "మావాడు బీటెక్ అయి ఏడాదైంది. ఈ పని వద్దంటాడు, నేనూ వద్దనే అంటున్నాను. మీ కంపెనీలో ఏమైనా ఉంటే చూడండి."

నా నంబర్ ఇచ్చాను. బస్సు బంటుమిల్లి రోడ్డు దాటకముందే వాట్సాప్‌లో రెజ్యూమే వచ్చింది. హాబీస్ అని ఉన్నచోట రాసుకున్నాడు: బ్లాక్ ప్రింటింగ్.